కబ్జా

మా గోడ మీద ఎర్ర రంగుతో నంబరు వేసి పోయారు. 37. దాని కింద ఒక బాణం గుర్తు. రోడ్డు ఎంతదాకా వస్తుందో ఆ బాణం చెబుతుందట. మా వసారా, ముందుగది, వేపచెట్టు, మా అమ్మ జానెమాజ్ పరుచుకునే మూల, అన్నీ బాణానికి రోడ్డువైపే ఉన్నాయి. మిగిలేది వంటిల్లూ, నుయ్యీ.

"రోడ్డు వెడల్పు చేస్తారంట సాయిబుగారూ. పోర్టొస్తంది గదా" అన్నాడు టేపు పట్టుకున్న కుర్రాడు. మర్యాదగానే అన్నాడు. అట్ట మీద కాగితం పెట్టుకుని అడిగాడు.

"ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం."

"మీరూ, మామ్మగారూనా?"

"నేనూ, వాడూ."

వాడు వసారాలో కూచుని నా బీపీ మాత్రలు అట్టలోంచి తీసి డబ్బాలో వేస్తున్నాడు. కుర్రాడు అటు చూశాడు. "ఆయన మీకేమవుతారు?"

35 ఏళ్ల నుంచీ ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబులు బోలెడు. తమ్ముడు. స్నేహితుడు. మా అమ్మ పెంచినవాడు. కలిసి పనిచేశాం. మనిషిని బట్టి, ఊరిని బట్టి ఒకటి తీసి చెప్పేవాణ్ణి. ఆ రోజు ఏదీ నోటికి రాలేదు. "ఏదో ఒకటి రాసుకో బాబూ" అన్నాను. అతను 'అద్దెకున్నారు' అని రాసుకుని పోయాడు.

ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. పడుకునేముందు ఒక్కసారి అడిగాడు. "నేను అద్దెకుంటన్నానా సాయిబూ?"

ఆ మాటకి జవాబు చెప్పటానికి నాకు ఆర్నెల్లు పట్టింది. ఎట్టా చెప్పానో చెప్పాలంటే మొదట్నించీ రావాలి.

నేను దూదేకులవాణ్ణి. బందరులో మా నాయన దూదేకి పరుపులు కుట్టేవాడు. ఇంటింటికీ తిరుగుతూ విల్లు భుజాన వేసుకుని నారి మోగిస్తే ఆడవాళ్లు పాత పరుపులు బయటేసేవాళ్లు. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే. నాకు ఉర్దూ వచ్చింది సినిమాల వల్ల, తర్వాత వాడకట్టు వల్ల. 'తురకలు లేని ఊళ్లో దూదేకులవాడు ముల్లా' అని సామెత. అంటే తురకలున్న ఊళ్లో మేం ఏమీ కాదన్నమాట. షేకులూ సయ్యదులూ మమ్మల్ని పూర్తి సాయిబుల కింద లెక్కెయ్యరు, హిందువులు సాయిబులు కాకపోతే ఇంకేంట్రా అంటారు. సర్కారు కాగితాల్లో బీసీ-బి. ఇప్పుడు ఈ పుస్తకంలో నా వ్యాసం చూసి 'దూదేకులవాడికి ముస్లిం సంకలనంలో ఏం పని' అనేవాళ్లు ఉంటారని తెలుసు. చదవడం మొదలెట్టారు కాబట్టి, ఇంకొంచెం ఓపిక పట్టండి. అంతకంటే పెద్ద అభ్యంతరం మీకు ముందుంది.

బందరులో ఖొజ్జిల్లిపేట అని ఒక పేట ఉంది. చిన్నప్పుడు అటు వెళ్లాలంటే నాకు భయం. పేట తప్పేం లేదు. బళ్లో పిల్లలు ఆ పేరు పట్టుకుని నన్ను ఏడిపించేవాళ్లు. "నీ ఊరు అదేగా రా!" అని. నా నడక, నా గొంతు వాళ్లకి నచ్చేవి కావు. కొజ్జా అనే మాట బూతని అప్పుడే తెలిసింది. చాలా ఏళ్ల తర్వాత ఒక ఉర్దూ మాస్టారు చెప్పారు, ఆ మాట ఖ్వాజా నుంచి వచ్చిందని. ఖ్వాజా అంటే దొర, పెద్దమనిషి. సుల్తానుల జనానాల్ని, ఖజానాల్ని కాసే నపుంసకుల్ని గౌరవంగా అట్టా పిలిచేవాళ్లట. అజ్మీరులో ఉన్న పుణ్యపురుషుడికీ అదే మాట. గౌరవం మాట తిట్టు అయ్యేసరికి మధ్యలో ఏం జరిగిందో నన్నడిగితే, జరిగిన వాటిల్లో ఒకటి ఇంగ్లీషువాడు. 1860లో వాడు రాసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ పెట్టాడు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి అందులో హిజ్రాలకు రిజిస్టర్లు పెట్టించాడు. మన చేత మనల్ని అసహ్యించుకునేట్టు చేయటం వాడికి బాగా తెలుసు. అన్నీ వాడి మీదే తోసేసి నేను తప్పించుకోవటం లేదు. మా నానమ్మ చెప్పిన లూత్ ప్రవక్త కథ నాకు గుర్తుంది. ఆ కథ విన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ నమాజులో నిలబడ్డప్పుడు కొన్నిసార్లు గుర్తొస్తుంది. అయినా నిలబడతాను.

1988లో నాకు పెళ్లి చేశారు. నాకు 21. ఖుబూల్ అని మూడుసార్లు అన్నాను. మూడూ అబద్ధాలే. ఆ అమ్మాయి రెండేళ్లు ఓర్చుకుంది. ఏం తక్కువైందో ఆమెకి అర్థం కాలేదు, నాకు తెలిసీ చెప్పలేదు. చివరికి ఆమే ఖులా అడిగింది. ఊళ్లో అందరూ ఆమెనే అన్నారు, మొగుణ్ణి వదిలిందని. నేను తలొంచుకుని ఊరుకున్నాను. నామీద జరిగిన అన్యాయాలు ఈ వ్యాసంలో చాలా రాస్తాను గానీ, నేను చేసిన దాన్ని కూడా ఇక్కడే రాయాలి. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది, పిల్లలున్నారు. ఎప్పుడైనా కోనేరు సెంటర్లో ఎదురుపడితే నేనే పక్కకు తప్పుకుంటాను.

వాణ్ణి చూసింది 1990లో, గుడివాడ స్టేషన్లో. నేను పెడనలో కలంకారీ అద్దకం పనికి పోయేవాణ్ణి. అప్పటికే నాయన పరుపుల పనికి కాలం చెల్లింది. రెడీమేడ్ పరుపులొచ్చాయి. అద్దకం పని చూసినవాళ్లకి తెలుసు. గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ రోజులకి రోజులు నానేసిన నీళ్లతో నలుపు వేస్తాం. ఎరుపుకి పటిక. టేకుచెక్కలో చెక్కిన అచ్చుని ముంచి, గుడ్డ మీద పెట్టి, గుద్దాలి. తర్వాత పారే నీళ్లలో ఉతికి రాగి డేగిసాలో ఉడకబెడితే అప్పటిదాకా కనపడని ఎరుపు బయటికొస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే. ఆ పని చేసినవాడి గోళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. వాడు గుడివాడలో లారీ మెకానిక్కు షెడ్డులో పని. వాడి గోళ్లూ నలుపే. "నువ్వే షెడ్డు?" అని అడిగాడు నన్ను. అదీ మొదటి మాట.

వాడిది దివిసీమ. నాగాయలంక అవతల, సముద్రం దగ్గర్లో. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. ప్రభుత్వం లెక్కే పదివేలు దాటింది. ఊళ్లోవాళ్లు ఆ లెక్కని ఇప్పటికీ ఒప్పుకోరు. వాడింట్లో ఆరుగురు. వాడొక్కడే మిగిలాడు. నీళ్లు తీసుకుపోయి ఒక తుమ్మచెట్టు మీద పడేశాయి. తెల్లారేదాకా దాన్ని కావిలించుకుని ఉన్నాడు. తుమ్మముళ్లు దిగిన మచ్చలు ఛాతీ మీద, మోచేతుల మీద ఇంకా ఉన్నాయి. ఎక్కడెక్కడున్నాయో చీకట్లో కూడా చెప్పగలను. వాడు హిందువని చెప్పాలి కాబోలు. వాడి కులం నేను రాయను. ఆ ఉప్పెనలో శవాల్ని కులం చూడకుండా, మతం చూడకుండా కుప్పలేసి తగలబెట్టారు, పూడ్చిపెట్టారు. వాడి వాళ్లు ఏ కుప్పలో ఉన్నారో వాడికి తెలియదు. తర్వాత ఒక్కో సంస్థ వచ్చి ఒక్కో కాలనీ కట్టింది. రామకృష్ణ మిషన్ వాళ్లు కట్టినవి, చర్చిలవాళ్లు కట్టినవి, ఇంకా ఎవరెవరో. "ఎవురు కట్టిన ఇంట్లో పడుకుంటే వాళ్ల దేవుడికి దణ్ణం పెట్టేవాణ్ణి" అంటాడు నవ్వుతూ.

గుడివాడలో ఇల్లు వెతకటం మొదలెట్టింది 1993 మొదట్లో. బాబ్రీ మసీదు కూల్చి రెండు నెల్లు కాలేదు. ఎక్కడికెళ్లినా మొదటి ప్రశ్న పేరు. పేరు చెప్పగానే "మా వాళ్లకి ఇద్దామనుకుంటున్నాం బాబూ." నాలుగిళ్లు అట్టా అయ్యాక అయిదో ఇంట్లో వాడు ముందుకొచ్చి "మా అన్న" అని చెప్పేశాడు. నాకొక తెలుగు పేరు అప్పటికప్పుడు పెట్టాడు. ఆ పేరుతో 11 ఏళ్లు ఆ ఇంట్లో బతికాను. రంజాన్లో సెహ్రీకి దీపం వెయ్యకుండా చీకట్లో తినేవాణ్ణి. వాడు లేచి కిరసనాయిలు స్టవ్ మీద అన్నం వేడిచేసిచ్చి మళ్లీ పడుకునేవాడు. జుమాకి పెడన మసీదుకే పోయేవాణ్ణి. గుడివాడలో ఎవరైనా చూస్తారని.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ 11 ఏళ్లలో ఒక్కరు కూడా మా ఇద్దరి సంగతి అనుమానించలేదు. ఒకే చాప మీద ఇద్దరు మగాళ్లు పడుకుంటే మన ఊళ్లల్లో అదో విశేషం కాదు. అన్నదమ్ములు, జోడెద్దులు అనేవాళ్లు. ఇల్లుగలావిడ అయితే మమ్మల్ని చూపించి తన కొడుకులకి బుద్ధి చెప్పేది. దాచుకోవాల్సిందేమో నా పేరు. 2004లో మా అమ్మ చూడ్డానికొచ్చింది. మా అమ్మ బురఖా వేసుకోదు, జరీ అంచు చీర కట్టుకుంటుంది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. గుమ్మం దిగేటప్పుడు కాలు మడతబడి "యా అల్లా" అంది. అంతే. ఇల్లుగలావిడ నెల టైమిచ్చింది. ఏడుస్తూనే ఇచ్చింది. "ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదుగా నాయనా" అంది. ముందే చెబితే ఇల్లిచ్చేదా అని నేనడగలేదు.

మధ్యలో ఒకసారి నేనే వాణ్ణి పోగొట్టుకున్నాను. 1996లో. పెడన ప్లాట్‌ఫారం మీద వాడు నాకు క్యారేజీ ఇవ్వటానికొచ్చాడు. పనివాళ్లలో ఒకడు "ఎవర్రా ఆడు, నీ పెళ్లామా? అన్నం మోసుకొచ్చాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఎవడో, నాకు తెలీదు" అన్నాను. వాడు విన్నాడు. క్యారేజీ బెంచీ మీద పెట్టి వచ్చిన బండికే వెనక్కి పోయాడు. సాయంత్రం నేను గుడివాడ వెళ్లేసరికి గదిలో వాడి పెట్టె లేదు.

మూడు నెలలు చూసి దివిసీమకి వెళ్లాను. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ అక్విడక్టు దాటి అవనిగడ్డ, అక్కణ్ణించి నాగాయలంక. అప్పుడు ఆ సీమంతా రొయ్యల చెరువుల వెర్రి. వరి పండే చేలల్లోకి ఉప్పునీళ్లు ఎక్కించి చెరువులు చేశారు. ఒక ఏడు లక్షలు, మరుసటేడు తెల్లమచ్చ రోగమొచ్చి అప్పులు. వాడు ఒక చెరువు దగ్గర రాత్రి కాపలా. గట్టు మీద లాంతరు పెట్టుకుని కూచున్నాడు. నీళ్లంటే భయపడేవాడు నీళ్లని కాస్తున్నాడు.

నేను క్షమాపణ చెప్పటం మొదలెట్టాను. వాడు వినలేదు. చాలాసేపటికి అన్నాడు.

"ఉప్పెనయ్యాక క్యాంపులో పిల్లల్ని వరసగా కూచోబెట్టారు. ఈడు ఫలానా వాళ్లబ్బాయి అని ఎవరో ఒకళ్లు వచ్చి చెప్పాలి. చెప్పినోళ్ల పిల్లల్ని అటు కూచోబెడతన్నారు. నన్ను చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లా. మూడు రోజులు కూచున్నా. మళ్లీ నువ్వు గూడా తెలీదంటే ఎట్టా సాయిబూ?"

ఇంతకంటే ఏమీ అనలేదు. తెల్లారి నాతో వచ్చేశాడు. అప్పట్నించీ ప్రతి నవంబరు 19న ఇద్దరం అటు వెళతాం. సముద్రం కనపడే దాకా పోము. హంసలదీవికి ఇవతలే ఆగిపోతాం. వాడు ఆ రోజు ఏమీ తినడు. నేను ఫాతెహా చదువుతాను. వాళ్లు హిందువులు కదా, ఫాతెహా ఏంటి అని మీకు అనిపిస్తే, నాకొచ్చింది అదే.

2004లో బందరు వచ్చేశాం, మా అమ్మ ఇంటికి. అమ్మ ఏనాడూ ఏమీ అడగలేదు. వాణ్ణి దివోడు అని పిలిచేది. "దివోడు తిన్నాడా? దివోడికి చేపల పులుసు ఉంచావా?" అక్క ఒకసారి ఏదో అనబోతే "అల్లా నాకు ఇంకో కొడుకుని ఎనకమాల ఇచ్చాడు, నీకేందే" అంది. అర్థమై అందో, కాక అందో ఇప్పటికీ చెప్పలేను. 2011లో పోయింది. జనాజా లేచేటప్పుడు వాడు దూరంగా గోడకానుకుని నిలబడ్డాడు. మా పేట పెద్దాయన ఒకాయన, ఎన్నడూ వాడితో సరిగా మాట్లాడనాయన, చెయ్యి పట్టి తీసుకొచ్చి భుజం ఇప్పించాడు. కబరస్తాన్లో వాడూ మూడు గుప్పిళ్ల మట్టి వేశాడు. మతం గురించి ఎవరేం మాట్లాడినా ఆ చెయ్యి నాకు గుర్తొస్తుంది.

కోర్టుల సంగతి మీకు తెలిసిందే, తొందరగా చెప్పేస్తాను. 2009లో ఢిల్లీ హైకోర్టు మేం నేరస్థులం కాదంది. 2013లో సుప్రీంకోర్టు మళ్లీ అవునంది. 2018 సెప్టెంబరు 6న కాదంది. ఆ రోజు పేపరు నేను చదువుతుంటే వాడు స్పానర్ తుడుచుకుంటూ అడిగాడు, "అంటే ఇన్నాళ్లూ మనం దొంగలమా?" అని. 2023 అక్టోబరులో పెళ్లి మాత్రం కుదరదంది. మేం అడగలేదు కాబట్టి మాకు పెద్దగా బాధనిపించలేదు అనుకున్నాం. అప్పటికి మా గోడ మీద నంబరు పడలేదు.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మాత్రం భయపడ్డాను. అంతకు నాలుగు నెలల ముందే అస్సాంలో తుది జాబితా వేసి 19 లక్షల మందిని బయట పెట్టారు. మా పేటలో ఇంటింటా ట్రంకుపెట్టెలు దించారు. మా నాయన బడి సర్టిఫికెట్ లేదు, బడికే పోలేదు. ఇంటి పన్ను రశీదులు, రేషన్ కార్డులు నేల మీద పరుచుకుని కూచున్నాను. వాడు పక్కన కూచుని చూస్తున్నాడు. వాడి దగ్గర 1977కి ముందుది ఒక్క కాగితం ముక్క లేదు, అన్నీ సముద్రం తీసుకుపోయింది. కాగితాల్లేనివాడు నిశ్చింతగా ఉన్నాడు, రశీదులన్నీ ఉన్న నేను వణుకుతున్నాను. "నిన్ను పంపిస్తే నేనూ వస్తా. నాకూ కాగితాల్లేవని చెబుతా" అన్నాడు. వాణ్ణి పంపరని వాడికి చెప్పబుద్ధి కాలేదు.

మన రచయితల గురించి కూడా కొంచెం. తొంభైల్లో ముస్లింవాదం మొదలైనప్పుడు విజయవాడ సభలకి పోయేవాణ్ణి. మా గురించి మేమే రాసుకుంటామని మా వాళ్లు మైకులో అంటుంటే గుండె ఉప్పొంగేది. ఒకసారి సభ అయ్యాక టీ కొట్టు దగ్గర ఒక మిత్రుడికి నా సంగతి చెప్పీ చెప్పనట్టు చెప్పాను. "భాయ్, ఇప్పటికే మనమీద టెర్రరిస్టులని ముద్ర. ఇప్పుడు ఇదొకటా? టైమ్ రానీ" అన్నాడు. ఆయన మంచివాడు. ఆ టైమ్ కోసం చూస్తూ నాకు 58 వచ్చాయి. ఇంకో మిత్రుడు సెక్యులర్, అభ్యుదయవాది. నా మాట విని ఎంతో ప్రేమగా "ఇంకా ఆ మతంలో ఎందుకున్నావయ్యా, బయటికొచ్చెయ్" అన్నాడు. తన కులంలోంచి తను వచ్చాడో లేదో నేనడగలేదు. ఇద్దరూ నన్ను ఎక్కణ్ణించో ఒక చోట నుంచి ఖాళీ చెయ్యమంటున్నారు. గుడివాడ ఇల్లుగలావిడ లాగే, మర్యాదగానే.

సర్మద్ గురించి చదివింది అప్పుడే. ఇరాన్ వైపు నుంచి వ్యాపారానికి వచ్చిన యూదు, సింధులో ఠఠ్ఠా ఊళ్లో అభయ్‌చంద్ అనే హిందూ కుర్రాణ్ణి ప్రేమించి ఉన్నదంతా వదిలేశాడు. ఇద్దరూ కలిసి ఊళ్లు తిరిగారు. 1647లో వాళ్లు హైదరాబాదులో ఉన్నారు. దబిస్తాన్ అనే పారశీ గ్రంథం రాసినాయన సర్మద్‌ని అక్కడే కలిశాడు. అభయ్‌చంద్ పారశీలోకి మార్చిన తౌరాతు భాగం ఆ గ్రంథంలోనే ఉంది. అప్పుడు హైదరాబాదు గోల్కొండ రాజ్యం, ఆ రాజ్యానికి రేవు మా బందరు. మా అచ్చుల మీది సరుగుడు లాంటి చెట్టు, మెహరాబు, అన్నీ ఆ పారశీ వర్తకులతో వచ్చినవే. తర్వాత ఢిల్లీలో ఔరంగజేబు కాలంలో సర్మద్ తల తీయించారు. జామా మసీదు మెట్ల దగ్గర ఆయన దర్గా ఉంది. జనం ఇప్పటికీ చాదర్లు కప్పుతున్నారు. తల తీసిన మతమూ మాదే, చాదరు కప్పే మతమూ మాదే. నేను రెండోదాంట్లో ఉన్నాను.

ఇక పోర్టు. బందరువాళ్లకి పోర్టు అంటే ఒక తరం నుంచీ సామెత. 2008లో ఒక ముఖ్యమంత్రి రాయి వేశారు. 2015లో వేల ఎకరాలకి భూసేకరణ అన్నారు, ఊళ్లకి ఊళ్లు తిరగబడ్డాయి. 2019లో ఇంకో ముఖ్యమంత్రి రాయి. 2023లో మూడోసారి తపసిపూడి దగ్గర. అప్పుడు మాత్రం నిజంగానే పని మొదలైంది. నేను పోర్టుకి వ్యతిరేకిని కాను. 1864 నవంబరు ఉప్పెనలో 30 వేల మంది పోయి, రేవు మట్టికొట్టుకుని, ఒకప్పుడు డచ్చివాడూ ఇంగ్లీషువాడూ పోట్లాడుకున్న ఊరు బందరు లడ్డూకీ చిలకలపూడి నగలకీ మిగిలింది. పిల్లలకి పని కావాలి. కానీ సముద్రం వచ్చినా ఊరు పోతుంది, సముద్రం మీద పడవలొచ్చినా ఊరే పోవాలా?

బందరు కోర్టులో ఒక వకీలు దగ్గరికెళ్లాను. ఆయన 2013 భూసేకరణ చట్టం తీశాడు. అందులో కుటుంబం అంటే మనిషి, భార్య లేదా భర్త, మైనరు పిల్లలు, ఆధారపడ్డ మైనరు తమ్ముళ్లూ చెల్లెళ్లూ. పెద్దవాళ్లు ఎవరైనా సరే, పెళ్లయినా కాకున్నా, ఒక్కొక్కరూ వేరే కుటుంబం. "అంటే మీ ఇంట్లో రెండు కుటుంబాలున్నట్టు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మూడేళ్లకి మించి అక్కడే ఉంటున్నట్టు రుజువుంటే వాడికీ పునరావాసం అడగొచ్చట. వాడి ఆధార్ ఇంకా గుడివాడ అడ్రసులోనే ఉంది. సరే, అది మార్పించొచ్చు. నేనడిగింది వేరు. నేను పోతే?

నేను పోతే ఇల్లయినా, ఇంటికొచ్చే డబ్బయినా అక్కకీ, అక్క పిల్లలకీ పోతుంది. ఇంట్లో అక్క వాటా ఎప్పుడో డబ్బుగా ఇచ్చేశాను, అది వేరే సంగతి. వసీయత్ రాస్తే? వారసుడు కానివాడికి మూడోవంతుకి మించి చెల్లదు. మిగిలిన దారి హిబా. బతికుండగా ఇచ్చేయటం. దానికి మూడే షరతులు. ఇస్తున్నానని చెప్పాలి, తీసుకుంటున్నానని వాడు ఒప్పుకోవాలి, స్వాధీనం చెయ్యాలి. ఇజాబ్, ఖుబూల్, కబ్జా. నోటిమాటతో చెల్లుతుంది. తర్వాత కాగితం రాసుకున్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన ఆంధ్రా నుంచి పోయిన కేసులోనే. కానీ ఒకసారి భూసేకరణ నోటిఫికేషన్ పడిందంటే కలెక్టరు ఒప్పుకుంటే తప్ప ఆ ఆస్తి మీద ఏ లావాదేవీ కుదరదు. "ఏం చేసినా దానికి ముందే చెయ్యండి" అన్నాడు వకీలు.

మౌల్వీ సాబుని కలిశాను. చిన్న వయసు కుర్రాడు, నా గురించి విని ఉంటాడు. ఒకటే అడిగాను, ముస్లిం కానివాడికి హిబా చెల్లుతుందా అని. చాలాసేపు నేలకేసి చూశాడు. "ఇచ్చేవాడు తెలివిలో ఉండి, ఇష్టంతో ఇస్తే చెల్లుతుంది చాచా. తీసుకునేవాడి దీన్ అడగరు" అన్నాడు. సగం ఇస్తే? "సగం చిక్కు. విడదీయటానికి వీలున్న ఆస్తిలో విడదీయకుండా వాటా ఇస్తే ముషా అంటారు. మధ్యలో గోడ కట్టి ఇవ్వాలి. లేదా మొత్తం ఇవ్వాలి."

ఇంటికొచ్చి వాడికి చెబితే "గోడ కడతావా?" అన్నాడు.

మొత్తం ఇవ్వాలని తేల్చుకోవటానికి నాకు పది రాత్రులు పట్టింది. సిగ్గు విడిచి రాస్తున్నాను. 35 ఏళ్లు కలిసున్నా, మొత్తం అనేసరికి భయమేసింది. రేపు పోట్లాడితే? వాడు ముందు పోతే, దివిసీమ నుంచి ఏ దూరపు బంధువో వస్తే? అన్నీ తెలిసిన మనిషిని కూడా అనుమానించే గుణం ఆస్తి దగ్గర వస్తుంది. అక్క వచ్చి గొడవ చేసింది. "నీ మేనల్లుళ్లు ఏమైపోవాలి? ఊళ్లో ఏమని చెప్పుకోవాలి? ఆడు నీకేమవుతాడు?" మళ్లీ అదే ప్రశ్న. ఈసారి చెప్పాను. మా అమ్మకి చెప్పలేని మాట, నా పెళ్లానికి చెప్పని మాట, అరవైకి దగ్గరపడ్డాక మా అక్కకి వంటింట్లో పొయ్యి దగ్గర చెప్పాను. అక్క అట్లకాడ కింద పెట్టింది. ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

శుక్రవారం అసర్ తర్వాత అనుకున్నాం. మౌల్వీ సాబూ, వకీలు గుమాస్తా, పక్కింటాయన. అక్క రాదనుకున్నాను. చివర్లో కొంగు నెత్తిన వేసుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. నేను ఇల్లు హద్దులతో సహా చెప్పి, ఇస్తున్నానన్నాను. మౌల్వీ సాబు వాడివైపు తిరిగి "మీరు ఒప్పుకుంటే ఖుబూల్ అనండి" అన్నాడు. వాడికి ఆ మాట తెలుసు, మా పెళ్లిళ్లు చూశాడుగా. ఒకసారి నా మొహం చూశాడు. "ఖుబూల్" అన్నాడు. అది ఇంటి సంగతే. నేను దాన్ని ఇంకోటి అనటం లేదు. కానీ గుమ్మం దగ్గర మా అక్క కొంగుతో కళ్లు తుడుచుకోవటం నేను చూశాను.

ఇక కబ్జా. మన పేపర్లలో కబ్జా అంటే ఒకరి స్థలం ఇంకొకరు ఆక్రమించటం. అసలు మాటకి అర్థం చేతిలోకి తీసుకోవటం. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లయితే మాటతో సరిపోతుందని గుమాస్తా అన్నాడు. అయినా నేను పాత పద్ధతిలోనే చేస్తానన్నాను. తాళంచెవి వాడి చేతిలో పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచాను. గోడ మీద 37 ఎర్రగా అట్టాగే ఉంది. సందు చివర కిళ్లీ కొట్టు దగ్గర బెంచీ మీద కూచున్నాను. పుట్టి బుద్ధెరిగాక నాదనే ఇల్లు లేకుండా కూచోవటం అదే మొదలు. పావుగంట అయ్యుంటుంది. మగ్రిబ్ అజాన్ వినపడుతుంటే లేచి వెళ్లి తలుపు కొట్టాను.

"ఎవురూ?"

"నేనే."

తలుపు తీశాడు. నన్ను కిందికీ పైకీ చూశాడు.

"అద్దెకా?" అన్నాడు.